మన వాకిట్లో నల్లా

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన వాకిట్లోకి నల్లా వచ్చింది.

నీ చెల్లెలు నల్లా కింద బిందె పెట్టి, దూరంగా జరిగి నిలబడింది. మనం ముట్టకూడని ఆ పెద్దోళ్ల బావి దగ్గర, ఎవరో తోడి పోసేదాకా మీరిద్దరూ అలాగే నిలబడేవాళ్లు.

"చిన్నమ్మా, నువ్వే తిప్పు" అన్నాను.

"మనం ముట్టొచ్చునా బిడ్డా? ఎవ్వలేమనరా?"

నేనే తిప్పాను. ఆమె వంగి దోసిలి పట్టి తాగింది. అలవాటుగా తల పైకెత్తి "సల్లగుండు దొరా" అంది. ఎదురుగా మన గోడ తప్ప ఎవరూ లేరు.

ఆఖరి రోజు నువ్వు నీళ్లడిగితే, పోసేవాళ్లు వచ్చేదాకా చెంబుతో ఆ బావి దగ్గరే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి నువ్వు లేవు.

ఇవాళ ఆ చెంబు చిటికెలో నిండింది. ఎవరికియ్యాలే, అమ్మా?