దండేల మీది తెల్లటి దుప్పట్లు

లాండ్రీకి ఎదురు మేడలో మూడో అంతస్తులో ఉంటున్న నేను, డెబ్బై ఆరేళ్ళదాన్ని, ముప్పై ఏళ్ళు ఇస్త్రీ పని చేసినదాన్ని, అంతకుముందు వైమానిక దళం ఆఫీసులో ఫోటోలు చదివే ఉద్యోగం చేసినదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు కాగితం ఇచ్చారు. మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు మాత్రం అది కాస్త గాల్లో తేలుతుంది. ఆ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ దాచను.

1. నా తదనంతరం నా ఇస్త్రీ బల్ల, బొగ్గుల పెట్టె, కరెంటు పెట్టె, ఇరవై ఏళ్ళు నా పక్క బల్ల మీద పనిచేసిన ఇస్త్రీ ఆయనకు చెందుతాయి. ఆ ఇరవై ఏళ్ళూ నేను కాలర్లు మడిచే తీరుకు ఆయన వంకలు పెడుతూనే ఉన్నాడు. బొగ్గుల పెట్టె పిడి వదులైంది, చూసి పట్టుకోవలెను. కాలర్ల విషయంలో నా పద్ధతే సరైనదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఇక వాదించుకోమనండి.

2. రెండు అద్దాలు, నాలుగు సన్న కాళ్ళు ఉన్న ఫోటోలు చూసే పరికరం ఒకటి నా బీరువా అడుగున ఉంది. ఆఫీసులోంచి చెప్పకుండా తెచ్చుకున్నాను, దొంగతనమే. ఒకే చోటును విమానంలోంచి కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి ఈ అద్దాల్లోంచి చూస్తే కాగితం లేచి నిలబడుతుంది. ఇళ్ళు పైకొస్తాయి, చెట్లు ఉబ్బుతాయి, నది లోతుకు దిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆనందం పట్టలేక ఒక పొగగొట్టాన్ని వేలితో ముట్టుకోబోయాను. చప్పుడు లేని లోకం అది. నీడలన్నీ ఒకే వైపు పడుకుని ఉంటాయి, ఎవరూ తలెత్తరు, ఎవరూ పిలవరు. రెండేళ్ళపాటు రోజుకు ఎనిమిది గంటలు అలా ఊళ్ళ మీద తేలుతూ ఉద్యోగం చేశాను.

ఈ పరికరాన్ని మా వీధి బడి భూగోళం టీచరుగారికి ఇస్తున్నాను. పిల్లలకు కొండలూ లోయలూ చూపించండి. ఇళ్ళు చూపించేటట్టయితే, ఆ ఇంట్లో ఎవరుంటారో ముందు కనుక్కుని వచ్చి చూపించండి.

3. ఈ అంశంలో ఎవరికీ ఇచ్చేది ఏమీ లేదు. మిగతావి అర్థం కావాలంటే ఇది ఉండాలి.

యుద్ధం రెండో ఏడు, అప్పుడు అవతలి పక్షంలో ఉన్న ఈ ఊరి ఫోటోలు నా బల్ల మీదకు వచ్చాయి. వాటి మీద ఊరి పేరు లేదు, ఒక నంబరు ఉంది. నది పక్కన పొడవాటి రేకుల కప్పు, దాని వెనక ఖాళీ జాగా, అందులో వరసలుగా తెల్లటి చిన్న గుడారాలు ముప్పై ఆరు. వాటి నడుమ ఒక చుక్క, దాని పక్కన చేతులు పైకెత్తినట్టున్న నీడ. ఏదో గుంజ అయి ఉంటుందనుకున్నాను. ‘సైనికుల గుడారాలు కావచ్చు’ అని రాసి, రేకుల కప్పుతో సహా మొత్తం జాగా చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీశాను.

మర్నాటి ఫోటోలో పదకొండే ఉన్నాయి. అవి కూడా వేరే వరసల్లో. గుడారాలు వేసుకున్న దళం అలా రోజుకో తీరుగా మారదని నాకు తెలుసు. ఇవి గుడారాలు కావేమో అనిపించింది. ఆఫీసరు గది నడవా ఆ చివర, మహా అయితే ముప్పై అడుగులు. నా డ్యూటీ అయిపోయింది. కొత్త చెప్పులు కరుస్తున్నాయి. రేపు చెబుదాంలే అనుకుని ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు నేను ఆఫీసు మెట్లెక్కేసరికే విమానాలు వెళ్ళి, తిరిగి వచ్చేశాయి.

ఆ తరవాత తీసిన ఫోటో కూడా నేనే చదివాను. తెలుపు ఎక్కడా లేదు. ‘లక్ష్యం పూర్తిగా ధ్వంసం’ అని రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నం క్యాంటీనులో అన్నం బాగానే తిన్నాను. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

యుద్ధం ఆగాక ఒక పత్రికలో చదివాను. అది ప్రసూతి ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీ. దుప్పట్లను దండెం మీద వేసి, గాలికి ఎగరకుండా రెండు అంచులనూ చెరోవైపు లాగి మేకులతో నేలకు బిగించేవారట. పైనుంచి చూస్తే అచ్చం గుడారమే. గుంజ అనుకున్న చుక్క దుప్పటి ఆరేస్తున్న మనిషి. చనిపోయినవాళ్ళు ఇరవై ఏడుగురు. అందులో ముగ్గురు, బట్టల బుట్టల్లో నిద్రపుచ్చిన పసిపిల్లలు.

అప్పటి నుంచి నా కునుకులో ఆ జాగా వస్తుంది. నేను పైనుంచి దూదిలా మెల్లగా దిగుతూ ఉంటాను. దుప్పట్లు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదులుతుంటాయి. సబ్బు వాసన వస్తుంది. నోట్లో క్లిప్పు పట్టుకున్న ఒకామె తలెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరో చుట్టం వస్తున్నట్టు నావైపు చూస్తుంది. ఎంత దిగినా నేల అందదు. మెలకువ వచ్చేసరికి చేతులకు తడి తగిలినట్టుంటుంది.

పొరపాటు జరిగిందని పెద్దవాళ్ళు విచారం ప్రకటించారు. నిజంగా అవి గుడారాలే అయి ఉంటే ఏమిటి, అని ఈమధ్య నన్ను నేను అడుగుతున్నాను. అప్పుడు కూడా ఆ రేకుల కప్పు కింద ఎవరో ఒకరు బట్టలు ఉతుకుతూనే ఉండేవారు. నా గీతలో అందరూ పట్టారు. గీత అంత పెద్దగా గీసిన చెయ్యి నాదే.

4. నేను రాసిన దాంట్లోంచి ‘కావచ్చు’ అన్న మాట కొట్టేసి పైకి పంపిన సెక్షన్ ఆఫీసరుగారికి, ఆయన బతికి ఉంటే, ఒక తెల్ల కాగితం మీద ఆ మాట ఒక్కటే రాసి కవరులో పెట్టాను. “ఈ అమ్మాయికి అన్నీ కావచ్చే! కావచ్చు మీద బాంబు ఎలా వేస్తారండీ?” అని ఆయన నవ్వారట, టైపు చేసే అమ్మాయి చెప్పింది. చాలా ఏళ్ళు తప్పంతా ఆయన నెత్తిన వేసి సుఖంగా పడుకున్నాను. ఇప్పుడు వెయ్యను. ఆయన ఒక మాట కొట్టేశారు, నేను ముప్పై అడుగులు నడవలేదు, విమానం నడిపినవాడు మీట నొక్కాడు. ఎవరి పాలు ఎంతో నాకు తెలియదు. కోపం మాత్రం పోలేదు. ఆ కవరు అంటించినది కోపంతోనే అని ఆయనకు తెలియజేయవలెను.

5. మా తమ్ముడు నా ఉద్యోగపు ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఎవరింటికి వెళ్ళినా, “మా అక్క బాంబు ముట్టుకున్న పాపాన పోలేదండీ, ఫోటోలు చూసేదంతే” అనేవాడు. నన్ను కాపాడాలనే అనేవాడు, తెలుసు. కానీ వాడలా అన్నప్పుడల్లా నేను చెప్పబోయిన మాటకు చోటు లేకుండా పోయేది. పదేళ్ళు వాడితో మాట్లాడలేదు. ఎందుకో వాడికి ఇవాళ్టికీ తెలియదు. ఇందుకేరా. పత్రం చింపేశాను. ఫ్రేము మంచి టేకుది, అందులో అమ్మ ఫోటో పెట్టుకో.

6. నా దగ్గరున్న పన్నెండు కొత్త తెల్ల దుప్పట్లు ప్రసూతి ఆస్పత్రి వార్డుకు చెందుతాయి. ఇవి ఆ వార్డుకే ఎందుకో చెప్పాలంటే లాండ్రీ పెద్దక్క గురించి చెప్పాలి.

బాంబులు పడిన రోజు ఆమె వయసు ఇరవై. ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ ఆస్పత్రికి వెళ్ళింది కనుక మిగిలింది. వాళ్ళమ్మా చెల్లెలూ దండేల దగ్గర ఉన్నారు. తరవాత ఆ లాండ్రీని మళ్ళీ నిలబెట్టింది ఆమే. నాకంటే మూడేళ్ళు చిన్న, అయినా ఊరంతా పిలిచినట్టే నేనూ పెద్దక్కా అనే పిలుస్తాను. నేను ఈ ఊరొచ్చి ఆమె దగ్గర ఇస్త్రీ పనికి చేరాను. మొదటి రోజే చెబుదామని వచ్చాను. పదకొండేళ్ళు పట్టింది.

చెప్పినప్పుడు ఆమె బాయిలరు దగ్గర నీళ్ళు తోడుతోంది. చెంబు కింద పెట్టి, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబెట్టి, “ఇక్కడి నుంచి చూస్తే ఏం కనబడుతోంది?” అంది. దుప్పట్లు అన్నాను. “ఇంకా?” అంది. వాటి వెనక కాళ్ళు కనబడుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు అన్నాను. “అంతే కదా! దీనికి అద్దాలెందుకు?” అని లోపలికి వెళ్ళిపోయింది.

పనిలోంచి తీసెయ్యలేదు. మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. మూటలు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేది. ఆమె అడుగుల చప్పుడును బట్టే ఆమె ఏ రోజు ఎలా ఉందో నాకు తెలిసేది. ఒక రోజు ఎండగా ఉండగానే వాన పట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి, కలలోలాగా, ఆ తెలుపంతా నెమ్మదిగా బూడిద రంగుకు తిరగడం చూస్తూ ఉండిపోయాను. పెరట్లోంచి కేక వినబడింది. “ఓయ్! అలా చూస్తూ నిలబడతావేంటి? వచ్చి అటు కొస పట్టుకో!” వెళ్ళి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నలభై దుప్పట్లు తీశాం. అది క్షమించడం అవునో కాదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ తరవాత మాత్రం రోజూ మాట్లాడుకున్నాం, ఎక్కువగా సబ్బు నాణ్యం గురించి.

7. నా స్వార్జితమైన ఈ రెండు గదుల వాటాను, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, మా తమ్ముడి కూతురు, నా మేనకోడలికి దఖలు పరుస్తున్నాను.

దానికి ఈ మధ్యే ఉద్యోగం వచ్చింది. నేను చేసిన ఉద్యోగమే. ఇప్పుడు ఫోటోలు కావు, తెర మీద వీధులు కదులుతూనే కనబడతాయట. పోయిన నెల వచ్చినప్పుడు మంచం మీద నా పక్కనే పడుకుని, “ఇప్పుడు అంతా స్పష్టంగా ఉంటుంది అత్తా, సైకిలు చక్రం తిరగడం కూడా కనబడుతుంది. మీ కాలంలోలా తప్పులు జరగవు” అంది. సైకిలు మీద ఉన్నదెవరే, అన్నాను. దిండు సర్దుకుంది. తరవాత, “రోజూ ఒకే సమయానికి వెళ్తాడు అత్తా. మొన్న రాలేదు. నాకెందుకో అన్నం సహించలేదు” అంది. నేను దాని జుట్టు నిమిరాను. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి మా ఇద్దరి కాళ్ళ మీద పడింది.

ఉద్యోగం మానేస్తేనే ఈ గదులు దక్కుతాయని మొదట షరతు రాశాను. అలాంటి షరతు కోర్టులో నిలవకపోవచ్చని వకీలు అన్నాడు. నేను కొట్టేసింది అందుకు కాదు. ఎక్కడో దూరంగా కూర్చుని ఒక గీత గీస్తే, కింద ఎవరి బతుకో మారిపోవడం ఇక నాకొద్దు. కాబట్టి, అమ్మాయీ, షరతు లేదు. అన్నం సహించని రోజున లేచి ఆఫీసరు గది దాకా నడువు. నీకు ఉద్యోగం పోతే ఉండడానికి ఈ గదులున్నాయి.

8. నా చితాభస్మాన్ని ఎత్తైన చోటు నుంచి చల్లవద్దు. చేత్తో, వంగి, మట్టిలో పెట్టండి.

9. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మందుల షాపు ఆయనకు అప్పగిస్తున్నాను. చీటీలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చే మనిషి, అనుమానం వస్తే ఫోను చేసి అడిగే మనిషి.

10. పెద్దక్కకు ఏమీ రాయలేదు. ఏమైనా రాస్తే ఆమె సాక్షిగా ఉండకూడదని వకీలు చెప్పాడు. ఏదో ఒకటి ఎంచుకొమ్మని ఆమెనే అడిగాను. “నీ సామాను నాకెందుకు? సాక్ష్యం చెబుతాలే” అంది.

అక్టోబరు తొమ్మిది, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు, నా గదిలో, కిటికీ తెరిచి ఉండగా సంతకం చేశాను.

(సంతకం) ఇస్త్రీ బల్ల అత్త

ఈమె మా కళ్ళ ఎదుట సంతకం చేయగా చూసి, మేమూ ఆమె ఎదుటే సంతకాలు చేశాము.

మొదటి సాక్షి: ప్రసూతి వార్డు నర్సు

రెండో సాక్షి: లాండ్రీ పెద్దక్క. నేను ఇదంతా ఆమె చదువుతుంటే విన్నాను. పోయినవాళ్ళు ఇరవై ఏడుగురని రాసింది గానీ పేర్లు రాయలేదు, ఆమెకు తెలియవు. నాకు తెలుసు. విడి కాగితం మీద ఇరవై ఏడు పేర్లూ రాసి దీనికి పిన్ను పెట్టాను. ఆ కాగితం ఎవరూ విడదీయకూడదు.