వెనక వరస

మార్చి 4
గెలిచాం. డన్‌ఫోర్డ్ స్క్వేర్‌ను కూల్చరు. గడియారం స్తంభం, అలల్లాంటి కాంక్రీటు చూరు, దుకాణాలు, అన్నీ హెరిటేజ్ కింద ఉంచి చుట్టుపక్కల బాగుచేస్తారట. మాల్ కంపెనీ వాళ్ళు మొహాలు వేలాడేసుకుని పోయారు. మోరీన్ నన్ను పట్టుకుని ఏడ్చింది. ముందు వరసలో ఊలు దుకాణం వాళ్ళ నాన్నది. వెనక వరసలో జున్ను కూరిన పాస్టిట్సీల దుకాణం మా నాన్నది. ఇద్దరం ఇంటింటికీ తిరిగి తెచ్చిన సంతకాలు ఊరికే పోలేదు.

మార్చి 19
కౌన్సిల్ ఆర్కిటెక్ట్ ఫెర్గస్ వచ్చాడు. మర్యాదస్తుడు. వేడి పాస్టిట్సీ తిన్నాడు, జున్ను బాగుందన్నాడు. మూతి తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. హెరిటేజ్ అంటే మొదట కట్టినవేనట. మా వెనక వరస తర్వాత కట్టింది కాబట్టి, "దానికంత ప్రాముఖ్యం లేదండీ." అక్కడ పార్కింగ్ వస్తుందట.

తర్వాత ఎందుకు కట్టామో అడగలేదు. ముందు వరస దుకాణాలు ఇంగ్లీషు కుటుంబాలకే ఇచ్చారు. యుద్ధం అయ్యాక మాల్టా నుంచి ఓడలో వచ్చిన నాన్నకు కార్ల ఫ్యాక్టరీలో పని ఇచ్చారు గానీ, దుకాణం ఇవ్వలేదు. ఆదివారాలు చర్చి నుంచి వచ్చి మావాళ్ళంతా వెనక స్థలంలో ఇటుకలు పేర్చారు. అప్పుడు రానివ్వలేదు కాబట్టి ఇప్పుడు లెక్కలోకి రాం.

మార్చి 20, పొద్దున్నే
మోరీన్‌కు ముందే తెలుసు. స్క్వేర్ కమిటీలో దీనికి ఒప్పుకుంటూ చెయ్యెత్తింది కూడా.

మార్చి 22
వెళ్ళి అడిగాను. "అంతా పోయేకంటే కొంతైనా మిగలడం నయం కదా కార్మెనా" అంది. "మిగిలింది నీదేగా" అన్నాను. కోపం తెచ్చుకోలేదు. టీ పెట్టింది. నెలాఖరు కౌన్సిల్ సభలో నేను అభ్యంతరం చెబితే విచారణ మళ్ళీ మొదటికొస్తుందట, మాల్ వాళ్ళు దానికోసమే కాచుక్కూర్చున్నారట. "బతిమాలుతున్నా, ఈ ఒక్కసారికి ఊరుకో" అంది.

బళ్ళో నా దగ్గర వెల్లుల్లి కంపని పిల్లలు ఏడిపిస్తే, వాళ్ళ మీదకు కొట్టడానికి వెళ్ళింది ఈ మోరీనే. అదే మింగుడు పడటం లేదు.

టీ తాగకుండా వచ్చేశాను.

మార్చి 25
పిండి పులిసిపోయింది. దుకాణం తెరవలేదు.

మార్చి 31, సభ నుంచి వచ్చాక
ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అధ్యక్షుడు అడిగాడు. లేచి నిలబడ్డాను. మోరీన్ తల దించుకుని ఒళ్ళో చేతులు చూసుకుంటోంది. ఫెర్గస్ కలం పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. మంచినీళ్ళు కావాలన్నాను. ఎవరో తెచ్చిచ్చారు. తాగి కూర్చున్నాను.

మోరీన్ మీద దయతో కాదు. మొత్తం కూలినా నాది తిరిగి రాదు, ఆమెది కూడా పోతుంది. అది చూసి సంతోషపడతానేమో అని భయమేసింది. ఇంతకంటే నిజం నాకు తెలియదు.

బయట మోరీన్ థాంక్స్ చెప్పబోయింది. అవతలి పేవ్‌మెంట్ మీదకు దాటేశాను.

జూలై 8
కూల్చారు. నాన్న కట్టిన గోడ ఇంత తేలిగ్గా పడుతుందనుకోలేదు. యంత్రం ఒక్కసారి ఆనుకుంది, అంతే.

పక్కన ఫెర్గస్. నా మాటలు రికార్డు చేసుకోవచ్చా అన్నాడు. వలసవచ్చినవాళ్ళ జ్ఞాపకాలని బోర్డు పెడతారట. "పార్కింగ్ ఎక్కడ కట్టాలో తెలిసినవాడివి, నా జ్ఞాపకాలు కూడా నువ్వే చెప్పుకో" అన్నాను. క్షమించమన్నాడు. పాపం, నిజంగానే అన్నాడు.

నవంబర్ 15
స్క్వేర్ తెరిచారు. బ్యాండు మోత ఇంటిదాకా వినిపించింది. కిటికీలు మూసుకున్నాను.

డిసెంబర్ 2
మోరీన్ దుకాణానికి వెళ్ళాను. ఊలు కావాలన్నాను. ఏ రంగు అని అడిగింది. ఏదైనా సరేనన్నాను. నాకు అల్లడం రాదని తనకు తెలుసు. అయినా సంచిలో వేసి ఇచ్చింది.