పాత వాకిలి ముందు మూడు మెట్లు

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఇక్కడ నీ మరదలూ, పిల్లలిద్దరూ బాగున్నారు. బావగారి దగ్గు తగ్గిందని చదివి మనసు కుదుటపడింది. నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. జవాబు ఆలస్యానికి పనే కారణమని చెప్పను. పాత మహల్ని మ్యూజియంగా మార్చే పని పోయిన నెలలోనే అయిపోయింది.

నువ్వడిగినవన్నీ రాస్తాను. గేటు నుంచి కొత్త భవనం దాకా నేల సమంగా ఉంది, నీ చక్రాల కుర్చీని ఎవరూ తొయ్యనక్కర్లేదు. టికెట్ల కిటికీ నీ మోచేతి ఎత్తులో పెట్టించాను. బాత్రూంలో కుర్చీని గుండ్రంగా తిప్పుకోవచ్చు, పట్టుకోవడానికి రెండు వైపులా కడ్డీలున్నాయి. కొలతలన్నీ నిన్ను కూర్చోబెట్టి తీసుకున్నవే కదా. టీ గదిలోంచి చూస్తే పాత మహలు మొత్తం కనిపిస్తుంది.

"మరి మహల్లోకి ఎలా?" అని కూడా అడిగావు. అక్కడే నా చెయ్యి ఆగిపోతోంది.

మహలు వాకిలికి మూడు మెట్లున్నాయి. అవి అలాగే ఉన్నాయి. కుట్టుపని చేసే నువ్వు ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలనుకున్న ఆ పాత అల్లికల తెరలు వాటికి అవతలే ఉన్నాయి.

పాత కట్టడాల ఆఫీసరు ఒకాయన ఉన్నాడు. రాయికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడతాడని మేము రాళ్లాయన అంటాం. మెట్ల దగ్గర కుర్చీకి దారి వెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదని అందరికీ చెప్పాను, నీ మరదలికి కూడా. అది అబద్ధం అక్కా.

రాయికి మేకు కొట్టకుండా మెట్ల మీద చెక్క వాలుదారి వేసేలా నేనే ప్లాను గీసి పట్టుకెళ్లాను. ఆయన చాలాసేపు చూశాడు. "మెట్లు కనపడవు. అయినా మనుషులు లోపలికి రావాలిగా. ఇది తప్పదని మీరంటే సంతకం పెట్టేస్తా," అన్నాడు.

ఒక్క మాట అంటే సరిపోయేది అక్కా. నేను ప్లాను వంక చూశాను. ఆ చెక్క వాకిలి అందాన్నంతా మింగేసినట్టుంది. పత్రికల్లో ఫోటో ఎలా పడుతుందో అనుకున్నాను. "తరవాత చూద్దాం లెండి," అని కాగితం చుట్టేశాను.

పోయిన ఆదివారం, మ్యూజియం జనానికి తెరవడానికి ముందు, కొందరిని పిలిచి చూపించాం. రిటైరైన టీచరమ్మ ఒకావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. మెట్ల దగ్గర ఆగి, కూతుర్ని లోపలికి పంపి, తను టీ గదిలో గంటన్నర కూర్చుంది. వెళ్తూ నన్ను పిలిచి, "బాత్రూం ఎంతో బాగా కట్టావు నాయనా. మా గురించి ఇంత ఆలోచించేవాళ్లు ఎవరున్నారు," అంది.

మర్నాడే ఆ ప్లానుతో రాళ్లాయన దగ్గరికి పరిగెత్తాను. పని పూర్తయిందని రాసి ఫైలు మూసేశారట. ఇక అయిదేళ్ల దాకా వాకిలి దగ్గర చెక్కముక్క కూడా పెట్టనివ్వరట. "ఆ రోజు మిమ్మల్ని అడిగాను కదండీ," అన్నాడు. కోప్పడి ఉన్నా బాగుండేది.

నువ్వేమో రైలు టికెట్టు కొన్నానని రాశావు. రావద్దనడానికి నోరు రాదు, రమ్మనడానికి ముఖం చెల్లదు. ఎత్తుకుని మెట్లెక్కిస్తానని ఒకసారి రాసి కొట్టేశాను. ఎవరైనా నిన్ను మూటలా ఎత్తితే నీకెంత మంటో నాకు తెలుసు.

ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

ఇట్లు,
నీ దగ్గర పెన్సిలు పట్టడం నేర్చుకున్న
నీ తమ్ముడు