కొండ ముసలమ్మ మాట

సంపాదకులు కృష్ణప్రసాద్ గారికి,

ఖతార్‌లోని అల్ వక్రా నుంచి నమస్కారం. మీరు దిద్ది పంపిన అనువాదం అందింది. చదివాక అన్నం సహించలేదు.

ఆ అమెరికా రచయిత్రి బతుకంతా ఒకే కొండప్రాంతంలో ఉండి, అక్కడి గని కార్మికుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఎలా మాట్లాడితే అలాగే రాసింది. పట్నం ప్రచురణకర్తలు మార్చమంటే పుస్తకమే వెనక్కి తీసుకుంది. ఇదంతా ముందుమాటలో రాశాను కదండీ! ముందుమాటను మెచ్చుకుని, లోపల కథలో ముసలమ్మ మాటలన్నీ మా కోస్తా భాషలోకి మార్చేశారు. "అమెరికా ఆవిడకు జగిత్యాల యాస ఏమిటి, జనం నవ్వుతారు" అన్నారు.

నేను గుంటూరుదాన్ని. ఆ యాస మా కారు నడిపే రాజేశం దగ్గర నేర్చుకున్నాను. వరల్డ్ కప్ పనులకు రోడ్లన్నీ మళ్ళించారు కదా, దోహా చేరేలోపు అతనికి కథ చదివి వినిపించేదాన్ని. "గీ ముసల్ది అచ్చం మా అవ్వ లెక్కనే ఉంది మేడం" అని మురిసిపోయాడు.

నిన్న మీరు దిద్దిన కాగితాలు అతనికి చదివి వినిపించాను.

"ఈమె ఎవలు మేడం? మీ సుట్టమా?" అన్నాడు.

దయచేసి మా చుట్టాన్ని మీ దగ్గరే ఉంచుకుని, రాజేశం వాళ్ళ అవ్వను నాకు తిప్పి పంపండి.

ఇంకా మీ అనువాదకురాలే.