మైకులో చదవాల్సిన జాబితా

కొత్తకాలువ,
డిసెంబరు 8

మా ఊరి రైతు సేవా కేంద్రం ఏంజెలిన్ మేడం గారికి మాలకొండయ్య నమస్కారాలు.

తుఫానుకి నా రెండెకరాల నాట్లు మునిగినాయి. మీరొచ్చి ఫోటోలు కూడా తీసుకున్నారు. పరిహారం జాబితా తయారైందని టీ అంగట్లో అంటున్నారు. అది మాత్రం ఎవరి కంటా పడలేదు. దాచినారంటే అందులో ఏదో ఉన్నట్టే గదా? ఫోన్ చెయ్యొద్దు. ఫోన్‌లో మాటకి సాక్ష్యం ఉండదు. కాగితం మీద రాయండి.

ఇట్లు,
మాలకొండయ్య

తా.క. ఈ ఉత్తరానికి జిరాక్స్ తీసి పెట్టుకున్నా.

డిసెంబరు 10

మాలకొండయ్య గారికి నమస్తే.

జాబితా దాచలేదండీ. శుక్రవారమే ఆఫీసు గోడకి అంటించాను. మైదా జిగురు వాసనకి మాల్యాద్రి గారి మేక వచ్చి తినేసింది. రేపు మళ్ళీ అంటిస్తాను.

ఇట్లు,
ఏంజెలిన్, వ్యవసాయ సహాయకురాలు

తా.క. మీ ఉత్తరానికి నేనూ జిరాక్స్ తీయించాను. రెండూ ఒకటేనో కాదో ఎప్పుడైనా పోల్చి చూసుకోవచ్చు.

డిసెంబరు 16

మేడం గారికి,

ఇన్ని గోడలు, ఇన్ని సినిమా పోస్టర్లు ఉండగా ఆ మేకకి జాబితానే రుచించిందా? మాల్యాద్రిని నిలదీసినా. "నా మేకకి చదువు రాదన్నా" అన్నాడు. ఎంత తయారుగా ఉన్నాడో చూడండి! నిన్న నెల్లూరు పోయి అర్జీ ఇచ్చినా. గ్రామసభ పెట్టి జాబితా మైకులో చదవాల. సర్వే నంబరు, సాగుదారు పేరు, ఒక్కటీ వదలకూడదు.

ఇట్లు,
మాలకొండయ్య

తా.క. అర్జీ తీసుకున్న గుమాస్తా నవ్వినాడు. ఎందుకు నవ్వినాడో అది కూడా విచారించాల.

డిసెంబరు 19

మాలకొండయ్య గారికి,

సోమవారం గ్రామసభ. సభలో మీకు ఇబ్బంది కలగకూడదని ముందే చెబుతున్నాను. మీ పొలానికి సాగుదారు మీరు కాదు, అంకాలమ్మ గారు. ఆమె కౌలు కార్డు మీద సంతకం పెట్టింది మీరే. పరిహారం పంట వేసినవాళ్ళకే వస్తుంది. దయచేసి ఒకసారి ఆఫీసుకి రండి.

ఇట్లు,
ఏంజెలిన్

తా.క. ఫోటోలో మోకాటిలోతు నీళ్ళలో ఉన్నది ఆమె. మీరు గట్టు మీద గొడుగు కింద ఉన్నారు.

డిసెంబరు 20

మేడం గారికి,

ఆఫీసుకి రమ్మంటే తలుపులేసి సర్దుకుందామనే గదా! నేను రాను. కౌలుకిచ్చిన మాట నిజమే. అయినా మునిగింది నా భూమే గదా? ఆ కార్డు ఉంటే ఆమెకి ఎరువులు ఇస్తారంటే సంతకం పెట్టినా. అంతా జనం ముందరే తేలాల. జాబితా నేనే చదువుతా. వేరేవాళ్ళయితే పేర్లు మింగేస్తారు.

ఇట్లు,
మాలకొండయ్య

తా.క. మైకు కూడా నేనే తెస్తా. మీ మైకయితే సరిగ్గా నా పేరు దగ్గర ఆగిపోతుంది.

డిసెంబరు 24

ఏంజెలిన్ అమ్మకి,

సభలో జరిగింది మీరూ చూసినారు. అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నా. నలభై రెండు పేర్లు చదివినా. దొంగ పేరు ఒక్కటీ దొరకలా. నలభై మూడోది "భూమి యజమాని మాలకొండయ్య, సాగుదారు అంకాలమ్మ" అని నా నోటితోనే చదివినా. అంకాలమ్మ లేచింది. కోప్పడలా. "మళ్ళా నారు కొనాల అన్నా. కౌలు పదహారు వేలు ముందే కట్టించుకుంటివి. మునిగిన చేలో నీ చెయ్యి ఎక్కడ తడిసింది?" అనింది. నా మైకు బాగా పనిచేసింది. ఆ మాట కాలువ అవతలికి కూడా వినపడింది. అంతమంది నా మొహం చూస్తుంటే, పుట్టినాక మొదటిసారి నా మీద నాకే అనుమానం వచ్చింది.

నిన్న పొద్దున చేలోకి పోయినా. ఆమె మళ్ళా నాట్లు వేయిస్తా ఉంది. కౌలులో సగం తిరిగిచ్చినా. నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నా.

ఇట్లు,
మాలకొండయ్య

తా.క. అంకాలమ్మ ఆ నోట్లు మూడుసార్లు లెక్కపెట్టింది. ఒకటి ఎండకెత్తి చూసింది. మిగతా సగం నెలాఖరుకి ఇస్తానని నాచేత కాగితం రాయించి సంతకం పెట్టించుకుంది. ఈ ఊళ్ళో మనిషిని మనిషి నమ్మడమే పోయిందమ్మా.