గుమ్మం తొక్కని మేస్త్రీ

నవంబరు 3, సోమవారం

ఈ రోజు నుంచి ఇంటి పని మొత్తం నేనే చేస్తాను. మేస్త్రీ అనేవాడు నా గుమ్మం తొక్కడు. రాసి పెట్టుకున్నాను, ఇక తిరుగు లేదు.

పర్చూరులో మేము కొన్నది పాత పెంకుటిల్లు. రెండు గదులు, ఒక వంటిల్లు. గోడలు చేత్తో నిమిరితే చాలు, పెచ్చులు రాలుతున్నాయి. నా భార్య ఖుర్షిదా పురిటికి చీమకుర్తిలో పుట్టింటికి వెళ్ళింది. పాప పుట్టింది, అర్ఫా అని పేరు పెట్టాం. నలభయ్యో రోజు స్నానం అయ్యాక ఇద్దరూ రావాలి. కానీ దుమ్ములోకి పాపను తీసుకురానని ఖుర్షిదా ఖచ్చితంగా చెప్పింది. గోడలు ఆరి, ఇల్లు తుడిచాకే వస్తుందట.

పని నేనే చేస్తానంటే బావమరిది హయాత్ ఫోన్‌లో చాలాసేపు నవ్వాడు. “బావా, నువ్వు సెల్లుకి గ్లాసు అంటిస్తేనే బుడగలొస్తాయి,” అన్నాడు. సెల్‌ఫోన్ల షాపువాడిని ఇంతకన్నా అవమానించడం కుదరదు.

కొన్నవి: తాపీ, సుత్తి, ఉలి, ప్లాస్టిక్ టబ్బు, పసుపు రంగు హెల్మెట్. హెల్మెట్ పెట్టుకుని ఫొటో తీసి స్టేటస్ పెట్టాను.

నవంబరు 5, బుధవారం

ముందు గదిలో పాత పూత గీకేశాను. ఎంత హాయిగా ఉందో! అట్టలు అట్టలుగా ఊడి పడుతోంది. ఇంత సులువైన పనికి మేస్త్రీలు అంత బెట్టు చేస్తారెందుకో. షాపు ఆలస్యంగా తెరిచాను. పరవాలేదు.

నవంబరు 8, శనివారం

సిమెంటు కలపడం యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోలో మనిషి తమిళంలో చెప్పాడు. మాటలు తెలియకపోయినా చేతులు చూస్తే అర్థమవుతుందనుకున్నాను. ఒక గోడ పూర్తయింది. దూరం నుంచి చూస్తే నున్నగానే ఉంది. మిగిలిన సిమెంటు టబ్బులోనే బిగుసుకుపోయింది. ఇప్పుడు టబ్బూ సిమెంటూ ఒకటే రాయి.

పక్కింటి రెబ్కా గారు వాకిట్లోంచి చూసి అదేమిటని అడిగారు. ఆవిడ రిటైరైన టీచరు, ఒంటరిగా ఉంటారు. పూలకుండీ పెట్టుకోవడానికి దిమ్మె చేశానని చెప్పాను. టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నవంబరు 12, బుధవారం

వంటింటి గోడలో చిన్న గూడు ఉంది. అందులో మిక్సీ పట్టాలంటే కాస్త లోతు చెయ్యాలి. ఉలి పెట్టి ఒక దెబ్బ వేశాను. ఇటుక కదిలింది. ఇంకొకటి వేశాను. ఇటుక కనబడలేదు. అవతల గిన్నె పడ్డ చప్పుడు మాత్రం వినబడింది.

కన్నంలోంచి తొంగి చూశాను. అటు నుంచి టీచరుగారు తొంగి చూస్తున్నారు. మా రెండు ఇళ్ళకీ అది ఉమ్మడి గోడ అని నాకు అప్పుడే తెలిసింది.

“ఆదాం, నీ ఇటుక మా పప్పులో పడింది,” అన్నారు.

క్షమించమన్నాను, ఇప్పుడే పూడ్చేస్తానన్నాను. పప్పు సంగతి తర్వాత, చేతికి దెబ్బ తగిలిందా అని ఆవిడ అడిగారు. కాసేపటికి కన్నంలోంచి టీ గ్లాసు వచ్చింది. అల్లం టీ. చాలా బాగుంది.

నవంబరు 14, శుక్రవారం

కన్నానికి సెల్‌ఫోన్ పెట్టె అట్ట అంటించాను. ఈ రోజు పూడ్చలేదు. కారణాలు: జుమ్మా నమాజు. నడుం నొప్పి. సిమెంటు బస్తా తడిసింది. టబ్బు లేదు.

విశ్రాంతి కూడా పనిలో భాగమే.

నవంబరు 17, సోమవారం

ఖుర్షిదా వీడియో కాల్ చేసింది. ఇల్లు చూపించమంది. పూత పూర్తయిన ఆ ఒక్క గోడనే కుడి నుంచి, ఎడమ నుంచి, పై నుంచి చూపించాను. ప్రతి గదిలోనూ అదే మేకు ఉందేమని అడిగింది. అన్ని గదుల్లోనూ కొట్టానని చెప్పాను.

అలా మాట్లాడుతూ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే నా వెనక అట్ట పక్కకి జరిగింది. టీచరుగారి చెయ్యి గోంగూర పచ్చడి గిన్నెతో ఇవతలికి వచ్చింది.

“ఏమండీ, గోడలోంచి చెయ్యొచ్చింది,” అంది ఖుర్షిదా.

నెట్‌వర్క్ బాగా లేదని ఫోన్ పెట్టేశాను.

నవంబరు 18, మంగళవారం

మళ్ళీ ఫోన్ చేసింది. కోప్పడలేదు, అందుకే నాకు భయం వేసింది. చీమకుర్తిలోనే అద్దెకి ఒక వాటా చూశామని, పాప అక్కడే ఉంటుందని, నన్ను ఆదివారాలు వచ్చి పొమ్మని చెప్పింది. క్వారీ లారీల దుమ్ము అక్కడ మాత్రం లేదా అన్నాను.

“ఆ దుమ్ము గురించి మాకెవరూ అబద్ధం చెప్పట్లేదు,” అంది.

తర్వాత పాపను చూపించింది. అర్ఫా ఆవలించింది. ఆ చిన్న నోరు చూశాక షాపులో కూర్చోలేకపోయాను.

నవంబరు 20, గురువారం

అంకమ్మరావు మేస్త్రీని పిలిచాను. అయితే నా మాట నాకు ముఖ్యం. అందుకే దొడ్డి తలుపు గుండా రమ్మన్నాను. అలా అయితే గుమ్మం తొక్కినట్టు కాదు. ఎందుకలా అని అడిగితే ఉన్నది చెప్పాను.

“నేను ఎటు నుంచొచ్చానో గోడకి తెలవదులెండి,” అని ఆయన పని మొదలుపెట్టాడు. ఇద్దరు మనుషుల్ని కూడా తెచ్చాడు. ముగ్గురూ దొడ్డి దారినే వచ్చారు.

నవంబరు 24, సోమవారం

పూతలు అయిపోయాయి, సున్నాలు వేస్తున్నారు. ఈ రోజు కన్నం పూడ్చాలి. అంకమ్మరావు ఇటుక చేతిలోకి తీసుకోగానే అటు నుంచి టీచరుగారు ఆగమన్నారు. చెప్పడానికి కాస్త తడబడ్డారు. వాళ్ళాయన పోయాక వంటింట్లో మాట్లాడే మనిషి లేడట. ఈ కన్నం పడ్డాకే పొద్దున్నే లేవాలనిపిస్తోందట. పాప వచ్చేదాకా ఉంచమన్నారు, ఒక్కసారి చూస్తానన్నారు.

అంకమ్మరావు ఇటుక కింద పెట్టేశాడు. రాత్రి ఖుర్షిదాకి ఫోన్ చేసి కన్నం సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, వచ్చి చూడమని బతిమాలాను.

నవంబరు 29, శనివారం

ఖుర్షిదా వచ్చింది. పాప, హయాత్ కూడా. ఫోన్‌లో అంత బతిమాలాక చూసి పోదామని వచ్చింది. సంచి భుజం మీద నుంచి దించలేదు. గోడలన్నీ వేలితో గీకి చూసింది. సున్నం అంటలేదు. దారిలో నిద్ర చెడి అర్ఫా ఒకటే ఏడుపు. ఎత్తుకుని తిప్పుతూ ఖుర్షిదా వంటింట్లోకి వెళ్ళింది. కన్నం అవతల టీచరుగారు సన్నగా ఏదో పాట ఎత్తుకున్నారు. పాప ఏడుపు ఆపి, ఆ పాట ఎక్కడి నుంచి వస్తోందా అని గోడ వైపు చూసింది.

ఖుర్షిదా వంగి కన్నంలోంచి అటు చూసింది. తర్వాత కన్నంలోంచి పాపను అందించడం కుదరదని, చుట్టూ తిరిగి వెళ్ళి టీచరుగారి ఒళ్ళో పడుకోబెట్టి వచ్చింది. సంచి దించింది.

“దీన్ని పూడ్చకండి. కిటికీ పెట్టిద్దాం,” అంది.

హయాత్ గోడలన్నీ తట్టి చూసి, ఇందులో నువ్వు చేసిందేది బావా అన్నాడు. కన్నం చూపించాను. అది మాత్రం పూర్తిగా నా చేతి పనే.

నవంబరు 30, ఆదివారం

కిటికీకి వడ్రంగిని పిలవమంటోంది ఖుర్షిదా. నాలుగు చెక్కలు, రెండు మడతబందులు. దానికి వడ్రంగి ఎందుకు? రేపటి నుంచి ఆ పని నేనే చేస్తాను. వడ్రంగి అనేవాడు ఈ ఇంటి దొడ్డి దారి కూడా తొక్కడు.

పొద్దున్నే రంపం కొనుక్కొచ్చాను. దాన్ని చూడగానే టీచరుగారు పొయ్యి మీద పప్పు దించి లోపలి గదిలోకి పట్టుకెళ్ళారు.