నాలుగో అంకంలో ఆలస్యంగా వచ్చినవాడు

మామయ్యకు మీ పిట్ట నమస్కారాలు.

నేను క్షేమం, గొంతూ క్షేమమే. మేము ఆడిన ఫ్రెంచి ఒపెరాను, అదే, మాటలు లేకుండా అంతా పాడుతూనే ఉండే విషాద నాటకాన్ని, రంగస్థలం మీద ఆడుతుండగానే సినిమాగా తీశారు. ఈ నెలంతా మీ ఊరి హాల్లో వేస్తున్నారు. తప్పక చూడండి. నేను పెళ్ళి చేసుకోదలచినవాడు ఎలాంటివాడో అందులో మీకే తెలుస్తుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది మీరు. మీరు సరేనంటేనే ఈ పెళ్ళి.

మీ
పిట్ట

తా.క.: చివర్లో నేను చచ్చిపోతాను. కంగారుపడకండి.

*

పిట్టకు మామయ్య దీవెనలు.

చూశాను. టికెట్లమ్మే ఆవిడ "ఇందులో ఫైట్లుండవండీ, తెలుసుగా?" అంది. "మా అమ్మాయి చచ్చిపోతుంది, చాలదా?" అన్నాను. పాపం, లేచి నిలబడింది.

ఇక నీ కథానాయకుడి సంగతి. నువ్వు విషం తాగావని మూడో అంకంలోనే వాడికి కబురందింది. విరుగుడు సీసా జేబులోనే ఉంది. పరిగెత్తాలా, వద్దా? మెట్లమీద నిలబడి పాట అందుకున్నాడు! నాలుగో అంకంలో తీరిగ్గా వచ్చి, నువ్వు పోయావని మరో పాట. బతుకంతా గడియారాలు బాగుచేసినవాణ్ణి. వెనకబడే గడియారాన్ని సరిచేస్తాను గానీ, ఇలాంటి మొగుణ్ణి సరిచేయడం నావల్ల కాదు. ఈ సంబంధం వద్దు.

మామయ్య

తా.క.: ఆ సినిమా తీసినవాడికి బొత్తిగా పని రాదు. కథానాయకుడు నరాలు తెగేలా పాడుతుంటే, తెరనిండా జైలుగది మూలన కూచున్న నీ మొహం! పెళ్ళికొడుకుని సరిగ్గా చూడనిచ్చాడు కాదు.

*

మామయ్యకు నమస్కారాలు.

కథానాయకుడు కాదండీ! ఆయనకు పెళ్ళయింది. పైగా బయట అందరికన్నా ముందే వస్తాడు, పాపం. మళ్ళీ చూడండి. నేను చెప్పే మనిషి మొదటినుంచి చివరిదాకా నన్ను ఒక్క క్షణం వదల్లేదు.

మీ
పిట్ట

తా.క.: నేను బతికే ఉన్నానని టికెట్లావిడకు చెప్పండి.

*

ఒసే పిట్టా,

దీవెనలు తర్వాత. మళ్ళీ చూశాను. మొదటినుంచి చివరిదాకా నిన్ను వదలనివాడు ఒక్కడే, జైలు కాపలావాడు! నీకు విషం కలిపింది వాడే కదే! నటన అంటావు. గ్లాసులో చెంచా తిప్పడంలో నటనేముంది? అది అలవాటైన చెయ్యి. పైగా వాడికి నా వయసుంటుంది. నీకేమైనా మతిపోయిందా?

మామయ్య

తా.క.: టికెట్లావిడకు చెప్పాను. నమ్మలేదు. నా భుజం తట్టి టీ తెప్పించింది.

మరో తా.క.: ఆ కెమెరావాడు నీ మెడమీది పుట్టుమచ్చ కూడా చూపించాడు గానీ, విషం కలిపేవాడి మొహం ఒక్కసారైనా సరిగ్గా చూపించలేదు. మందమతి!

*

మామయ్యకు,

ఆ మందమతేనండీ పెళ్ళికొడుకు.

తెరమీద కనబడడు, కెమెరా వెనకాల ఉన్నాడు. నోటితో చెప్పడానికి సిగ్గేసి సినిమా చూడమన్నాను, బుద్ధి తక్కువై. నాటకమంతా నన్నే చూపించాడని పైవాళ్ళు చీవాట్లు పెట్టి, తర్వాతి నాటకం తీసే పని వేరేవాళ్ళకిచ్చారు. మీ ఉత్తరాలు చదివి వినిపిస్తే, "ఆయనన్నదీ నిజమేగా" అని తల దించుకున్నాడు. ఇప్పుడు చెప్పండి. మీరు వద్దంటే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను.

పిట్ట

తా.క.: కాపలావాడుగా వేసిన పెద్దాయన చాలా మంచివారు. చెంచా సంగతి విని నొచ్చుకున్నారు.

*

పిట్టకు దీవెనలు, గంపెడు.

మళ్ళీ వెళ్ళాను. టికెట్లావిడను కూడా లోపల పక్కన కూచోబెట్టుకున్నాను. పెళ్ళికొడుకు మొహం చూసి సంబంధం ఖాయం చేసేవాళ్ళుంటారు. అతనేం చూస్తున్నాడో చూడ్డం నాకిదే మొదలు.

చివర్లో నువ్వు శవంగా పడుకున్నావు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నీ ముక్కుపుటాలు అదిరాయి. నాకు తెలుసు, అది తుమ్ము. నిన్ను పెంచినవాణ్ణి. హాల్లో ఇంకెవరికీ తెలిసేలోపే కెమెరా చటుక్కున తిరిగి గోడమీది దీపాన్ని చూపించింది. తుమ్ము అణిగాక మళ్ళీ నీమీదికి. అంతసేపట్లో అతను నీమీంచి చూపు తిప్పింది ఆ ఒక్కసారే, అదీ నీ పరువు కోసం.

సరేనమ్మా. చేసుకో.

మామయ్య

తా.క.: పెళ్ళికి ఫొటోలు మాత్రం వేరేవాళ్ళ చేత తీయించు. అతను తీస్తే నేను పెళ్ళికి వచ్చానంటే ఎవరూ నమ్మరు.